పరిష్కారమైందని మీరు మూసేసిన టికెట్ గురించి

కస్టమర్ సేవల విభాగం అధిపతి గారికి,

విషయం: కొత్త కొండచిలువ కోసం కొన్న హీటింగ్ కిట్‌లోని థర్మోస్టాట్ (వేడిని అదుపు చేసే పరికరం). జవాబివ్వకుండానే ‘పరిష్కారమైంది’ అని మూసేసిన ఫిర్యాదు.

అయ్యా / అమ్మా,

మొన్న మీ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. నా సమస్య తీరినందుకు మీకు చాలా సంతోషంగా ఉందట, మీ సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తానో చెప్పాలట. ఏ సమస్య తీరిందో కూడా ఒక ముక్క రాసి ఉంటే నేనూ సంతోషించేదాన్ని.

సమస్య ఏమిటో మళ్లీ రాస్తున్నాను. థర్మోస్టాట్ తెర మీద 32 డిగ్రీలు చూపిస్తోంది. ప్రోబ్ (వేడిని కొలిచే దాని తీగ కొన) అంటించిన చోటే టెంపరేచర్ గన్ పెడితే 46 చూపిస్తోంది. విడిగా ఇంకో డిజిటల్ థర్మామీటర్ పెట్టి చూసినా అంతే. ఇదీ ఫిర్యాదు, ఇంతకు మించి లేదు. దీన్ని చివరిదాకా చదివిన మనిషి మీ సంస్థలో నాకింకా తగల్లేదు.

మొదట తగిలింది మీ చాట్‌లోని యంత్రం. "మీ బొచ్చు నేస్తానికి ఏమైంది?" అని అడిగింది. బాల్ పైథాన్ (కొండచిలువల్లో ఒక జాతి) అని రాశాను. "మీ బొచ్చు నేస్తం వయసెంత?" అంది. కొండచిలువకు బొచ్చు ఉండదని మీ సాఫ్ట్‌వేర్‌కు తెలియకపోవచ్చు, పోనీ. పాముల సామాను అమ్ముకునే మీకైనా తెలియాలి కదా. మనిషితో మాట్లాడాలని ఎన్నిసార్లు టైపు చేసినా కుక్కల షాంపూ మీద తగ్గింపు చూపించింది.

ఎట్టకేలకు ఒక మనిషి వచ్చాడు. ఆయన చెప్పిన వైద్యం ఇదీ: ప్రోబ్‌ను, పాముండే గాజు ట్యాంకు అడుగున అంటించిన హీట్ మ్యాట్ మీంచి తీసి ట్యాంకు పక్క గోడకు, కొంచెం ఎత్తులో అంటించండి, "రీడింగ్ నార్మల్‌కు వస్తుంది". తెర మీది అంకెను ఓదార్చడానికి మంచి ఉపాయమే. పక్క గోడ దగ్గర గాలి 26, 27 డిగ్రీలు ఉంటుంది. థర్మోస్టాట్ ఆ గాలిని చదివి ఇంకా చల్లగానే ఉందనుకుని మ్యాట్‌కు కరెంటు ఆపకుండా ఇస్తూనే ఉంటుంది. అదుపు లేని హీట్ మ్యాట్ 50 డిగ్రీలు దాటగలదు. పైన పరిచిన కొబ్బరి పొట్టు మందంగా ఉంటే ఆ వేడి బయటికి పోయే దారి లేక గాజు దగ్గరే పేరుకుంటుంది. కొండచిలువేమో పొట్టును తోసుకుని సరిగ్గా ఆ గాజు మీదికే దిగుతుంది. ప్రోబ్ ఉండవలసింది మ్యాట్‌కూ గాజుకూ మధ్య, లేదా లోపల వెచ్చటి హైడ్ (పాము దాక్కునే గూడు) కింద నేల మీద, కదలకుండా. పాము తోక తగిలి ప్రోబ్ పక్కకు జరిగినందుకే కాలిన పాములున్నాయి. అలాంటిది మీ మనిషి ఆ పని మన చేతులతోనే చెయ్యమన్నాడు.

ఇదంతా ఆయనకు ఓపిగ్గా రాశాను. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని జవాబొచ్చింది. అభిప్రాయమట!

46 డిగ్రీలంటే ఏమిటో మీ విభాగంలో ఎవరికీ పట్టినట్టు లేదు గనక చెబుతాను. కొత్తగా వచ్చిన పాముకు మొదటి వారంలో మనం చెయ్యగల ఉపకారం దాని జోలికి పోకపోవడమే. వెచ్చటి పక్క నేల 31 నుంచి 33, చల్లటి పక్క 25 నుంచి 27, ఒళ్లు అన్ని వైపులా తగిలేంత ఇరుకైన హైడ్ రెండు పక్కలా ఒక్కొక్కటి, నీళ్ల గిన్నె, తేమ 60 శాతం అటూ ఇటూ. హైడ్‌లు రెండెందుకంటే, దాక్కోవడమా వెచ్చబడటమా అన్న బేరం దాని ముందు పెట్టకూడదు. ఒకటే ఉంటే భయమే గెలుస్తుంది, చలిలోనే ముడుచుకుని కూర్చుంటుంది. ఇక వెచ్చటి హైడ్ నేల 46కు పోతే రెండే జరుగుతాయి. పాము ఆ పక్కకు రావడం మానేసి, ఒళ్లు వెచ్చబడక, తిన్నది అరక్క కక్కేస్తుంది. లేదంటే అక్కడే పడుకుని పొట్ట కాల్చుకుంటుంది. పెదవుల మీది గుంటలతో ఎర ఒంటి వేడిని చీకట్లోనే పసిగట్టే జీవి, పొట్ట కింద గాజు కాలుతుంటే మాత్రం చాలాసార్లు తప్పుకోదు. పొట్ట పొలుసులు ముందు గులాబీ రంగుకు తిరుగుతాయి, తర్వాత గోధుమరంగు మరకలు, పొక్కులు. అవి కనిపించేసరికి డాక్టరు దగ్గరికి పరుగెత్తడం తప్ప చేసేదేమీ ఉండదు.

రెండో ఏజెంటు ఒకావిడ, చాలా మర్యాదస్తురాలు. థర్మోస్టాట్ మాట ఎత్తకుండానే పాము తింటోందా అని అడిగింది. ఇంకా పెట్టలేదు, వచ్చి వారం కాలేదు అన్నాను. అయితే రోజూ కాసేపు చేతుల్లోకి తీసుకుని ఆడించండి, మీకు అలవాటు పడితే అదే తింటుంది, రోజూ ఒక ఎలుకను లోపల వదిలి చూడండి అంది. ఆవిడ మనసు మంచిదే, సలహా మాత్రం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా తప్పు. కొండచిలువ ప్రేమతో అలవాటు పడే జంతువు కాదు, భయం తగ్గితే ఊరుకునే జంతువు. వచ్చిన 5 నుంచి 7 రోజులు ముట్టుకోకూడదు. నీళ్లు మార్చడం, మలం తియ్యడం, అంతే. ఆ తర్వాత దాని ఒంట్లో అన్నిటికన్నా లావైన చోటుకు మించని ఎలుక ఒకటి. పిల్ల పాములకైతే వాటి బరువులో 10 నుంచి 15 శాతం. ఫ్రోజెన్ ఎలుకను ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లోకి దించాలి. పెట్టే ముందు కవరులో వేసి వేడినీళ్లలో ముంచి, ఒళ్లు 38 డిగ్రీలకు వచ్చాక తుడిచి, లైట్లు ఆర్పేసి, పొడవాటి పటకారుతో హైడ్ గుమ్మం ముందు అందించాలి. మైక్రోవేవ్ అసలు వద్దు, పొట్ట పగులుతుంది. వద్దంటే ఎలుకను తీసేసి ఇంకో వారం ఆగాలి. రోజూ ఎర చూపించి విసిగించిన కొద్దీ అది మరింత మొండికేస్తుంది. ప్రాణమున్న ఎలుకను వదిలేసి పోతే ఆకలి లేని పామును ఎలుకే కొరుకుతుంది. తిన్నాక 48 గంటలు మళ్లీ ముట్టుకోకూడదు.

కొన్ని వారాలు తినకపోవడం ఈ జాతికి వింత కాదు. వంటింటి త్రాసు మీద తూచి రాసుకోవాలి, బరువు పదో వంతుకు మించి తగ్గితే డాక్టరుకు చూపించాలి. నేను ఇవేవీ మిమ్మల్ని అడగలేదు. నేను అడిగింది థర్మోస్టాట్. దానికి ఆవిడ "మీ కాల్‌ను వారంటీ విభాగానికి బదిలీ చేస్తున్నాను" అని సంగీతం వినిపించింది. ఆ సంగీతం ఇప్పుడు నాకు కంఠతా వచ్చు.

వారంటీ విభాగం వారి తెలివి చెప్పుకోదగ్గది. హీట్ మ్యాట్ సీరియల్ నంబరు ఫొటో పంపమన్నారు. చెడింది థర్మోస్టాట్ అన్నాను. ముందు మ్యాట్ నంబరు అన్నారు. ఆ నంబరు మ్యాట్‌కు జిగురున్న వైపు అచ్చయి ఉంటుంది, మ్యాట్ ట్యాంకు అడుగున అంటుకుని ఉంటుంది. పీకితే? మీ కరపత్రంలోనే నాలుగో పేజీలో సన్నక్షరాలతో ఉంది: ఒకసారి అంటించిన మ్యాట్‌ను పీకితే వారంటీ చెల్లదు. ఆ మాట వరకు మీరు రాసింది నిజమే, పీకేటప్పుడు మ్యాట్ మడత పడితే లోపలి తీగ దెబ్బతిని ఆ ఒక్క చోటే నిప్పులా కాలుతుంది. అంటే పీకకపోతే నంబరు లేదు, పీకితే వారంటీ లేదు. పెట్టె మీద అదే నంబరు ఉంది, దాని ఫొటో పంపాను. "పెట్టె ఆధారంగా పరిగణించబడదు" అన్నారు. పైగా పాము లోపలుండగా ట్యాంకును ఎత్తి, తిరగేసి వీడియో తియ్యమని కూడా సలహా ఇచ్చారు. మొదటి వారంలో! ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని మా పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

మ్యాట్‌లో లోపం లేదని నేనే తేల్చి పంపాను. అదే మ్యాట్‌ను, అదే గాజు మీద, వేరే కంపెనీ థర్మోస్టాట్‌కు తగిలించి ఒక రోజంతా వదిలాను. మూడు చోట్ల గన్‌తో చూశాను, ఎక్కడా 33 దాటలేదు. మళ్లీ మీది తగిలిస్తే రెండు గంటల్లో 46. ఫొటోలన్నీ టికెట్‌లో ఉన్నాయి. ఎవరూ తెరవలేదని నాకెలా తెలుసంటే, ఆ తర్వాత వచ్చిన సూపర్‌వైజర్ గారు "దయచేసి ఫొటోలు జతచెయ్యండి" అన్నారు.

ఆ సూపర్‌వైజర్ గారే నష్టపరిహారంగా ఎర్ర బల్బుకు కూపన్ ఇవ్వజూపారు. రాత్రిపూట వేసుకుంటే వెచ్చగా ఉంటుందట. కొండచిలువకు రాత్రి అంటే చీకటి, ఎర్ర వెలుగు కూడా వెలుగే. బల్బు పైనుంచి గాలిని ఎండబెడుతుంది. జాలీ మూత ఉన్న గాజు ట్యాంకులో తేమ 40కి పడిపోతే కుబుసం ఒక్క ముక్కగా రాదు, చింపిరి చింపిరిగా ఊడి కళ్ల మీది పొర అక్కడే ఉండిపోతుంది. కుబుసం విడిచే ముందు కళ్లు మసకబారిన రోజు నుంచి తేమ 70 పైకి పెంచాలి గానీ ఎండబెట్టకూడదు. ఇంకో సంగతి: మీ కిట్‌లో ఉన్నది వేస్తూ ఆర్పుతూ ఉండే రకం థర్మోస్టాట్. బల్బుకు కావలసింది కరెంటును కొద్దికొద్దిగా తగ్గిస్తూ పెంచుతూ ఉండే డిమ్మింగ్ రకం. దీనికి తగిలిస్తే బల్బు రాత్రంతా వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, త్వరగా మాడిపోతుంది. మీ సామాను దేనికి పనికొస్తుందో మీ సూపర్‌వైజర్‌కు నేను చెప్పవలసి రావడం నా ఖర్మ.

ట్యాంకు మీ దగ్గర కొన్నదే, హైడ్‌లు మీవి, కొబ్బరి పొట్టు బస్తాలు మీవి. కొత్తగా పాము తెచ్చుకున్న ప్రతివాళ్లకీ ఏళ్లుగా మీ పేరే చెబుతూ వచ్చాను. ఆ మాట ఫోన్‌లో చెబితే "మీ విధేయత మాకు అమూల్యం" అని రికార్డు చేసిన గొంతు వినిపించింది. అమూల్యం అంటే మూల్యం చెల్లించనవసరం లేదనా అర్థం?

ఇకపోతే మీరు చెయ్యవలసినవి. మంచి థర్మోస్టాట్ పంపుతారో, డబ్బు వెనక్కి ఇస్తారో మీ ఇష్టం, నిజానికి ఇప్పుడు నాకు దాని మీద అంత పట్టింపు కూడా లేదు. పని చేసేది ఒకటి తగిలించుకున్నాను. ఫిర్యాదును మొదట్నుంచి చివరిదాకా చదివిన మనిషి, పేరు పెట్టి, సంతకం పెట్టి నాకు రాయాలి. కరపత్రంలో "పామును తెచ్చిన రోజే తగిలించండి" అన్న వాక్యం తీసెయ్యాలి. పాము రావడానికి కనీసం రెండు రోజుల ముందే అన్నీ తగిలించి, వేరే థర్మామీటర్‌తో సరిచూసుకోమని రాయాలి. అప్పుడైతే ఇలాంటి లోపం ఖాళీ ట్యాంకులోనే బయటపడుతుంది. ఇదే విడతలో తయారైన కిట్లు ఇంకెన్ని ఇళ్లలో 32 చూపిస్తూ 46కు కాలుస్తున్నాయో మీరు వెతకాలి. కొన్నవాళ్ల మెయిల్ ఐడీలు మీ దగ్గరున్నాయి, నక్షత్రాలు అడగడానికి బాగానే వాడుతున్నారు కదా.

వారంలోగా జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. చాట్‌లు, కాల్ వివరాలు, ప్రోబ్‌ను గోడకు అంటించమన్న సలహా, అన్నీ తేదీలతో సహా పాములు పెంచేవాళ్లందరి ముందూ పెడతాను. ఏ పాము పొట్ట అయినా కాలిందని తెలిస్తే దాని వైద్యం ఖర్చు కూడా మీ ఖాతాలోనే రాయిస్తాను.

టికెట్ నంబరు, పెట్టె ఫొటో, గన్ రీడింగులు మీ దగ్గరే ఉన్నాయి. మళ్లీ జతచెయ్యమని అడగొద్దు.

ఇట్లు,
ఇప్పటిదాకా మీ కస్టమర్

తా.క.: ఎర్ర బల్బు కూపన్ వాడటం లేదు. దాన్ని రద్దు చెయ్యడానికి కూడా కస్టమర్ కేర్‌కు ఫోన్ చెయ్యాలని రాసి ఉంది, చెయ్యను.