2024-25 వార్షిక నివేదిక: హాలు వెనక గది, బుధవారం మీటింగ్

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

కొబ్బరి మొక్కల పంపిణీ, పంట కాలువ గట్టు మీద తుప్పలు కొట్టించడం, పదో తరగతి పిల్లలకు సాయంత్రం ట్యూషన్లు ఎప్పటిలాగే జరిగాయి. అవి మీరు కళ్లారా చూసినవే. ఈసారి ఎక్కువ చోటు, తాగుడు మానాలనుకునేవాళ్ల కోసం మన హాలు వెనక గదిలో బుధవారం బుధవారం జరిగే మీటింగ్‌కి ఇస్తున్నాను. ఆ పనికి మూలమైనవాళ్ల పేర్లు మాత్రం రాయడం లేదు. వాళ్లు మనల్ని కోరింది అదొక్కటే.

పోయిన ఏడాది సర్వసభ్య సమావేశం అయ్యాక ఒక ఇల్లాలు నన్ను పక్కకి పిలిచారు. "మావారు మాల వేసుకున్న 41 రోజులూ చుక్క ముట్టరండి. కొండ నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రమే మళ్లీ మొదలు. ఆ 41 రోజులు ఉన్నట్టే ఉంచే చోటు ఎక్కడైనా ఉందా?" అని అడిగారు. అప్పటికే పసరు మందుకని రెండు ఊళ్లు తిరిగారు. ఎవరో ఇచ్చిన బిళ్లలు ఆయనకి తెలియకుండా పులుసులో కలిపి పెట్టారు. ఆ బిళ్లల మీద మందు పడితే వాంతులు, గుండెదడ పట్టుకుని ప్రాణం మీదికి రావచ్చని డాక్టరుగారు కోప్పడ్డాక ఆపారు.

ఒక ఆఫీసుకి వెళ్తే ఇంకో ఆఫీసుకి పొమ్మన్నారు. అక్కడ అర్జీ పుచ్చుకున్నారు. ఇవాళ్టికీ కబురు లేదు. చివరికి మత్తు అలవాట్లు మానడానికి సాయం చేసే 14446 హెల్ప్‌లైన్‌కి చేశాం. డబ్బు పడని నంబరు, ఎవరైనా చేయొచ్చు. ఆ మాటల్లోనే, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే బృందం సంగతి తెలిసింది. గోదావరి దాటి, రెండు బస్సులు మారి పట్నంలో మీటింగ్‌కి వెళ్లాం. ఆ రోజు అందరూ కూర్చోదగ్గ మీటింగ్ కాబట్టి నన్నూ కోశాధికారిగారినీ రానిచ్చారు. ఒక్కొక్కరూ పేరు చెప్పి, "నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టి తన కథ తాను చెప్పుకుంటారు. సలహాలు లేవు, చీవాట్లు లేవు, మధ్యలో అడ్డు రావడం లేదు. జన్మలో తాగనని ఒట్టు పెట్టించరు, ఈ ఒక్క రోజు ముట్టకపోతే చాలంటారు. 1935లో అమెరికాలో తాగుడు మానలేక నలిగిపోయిన ఇద్దరు, ఒక షేర్ బ్రోకరు, ఒక సర్జను, ఒకరి కష్టం ఒకరికి చెప్పుకోవడంతో మొదలైన పద్ధతి ఇది.

మన దగ్గరా ఈ మీటింగ్ పెట్టుకోవడానికి వెనక గది ఊరికే ఇస్తామని మనం తీర్మానం చేస్తే వాళ్లు ఒప్పుకోలేదు. బయటివాళ్ల డబ్బు ముట్టకూడదన్నది వాళ్ల నియమం. డబ్బా తిప్పి, తలా కొంత వేసుకుని నెలనెలా అద్దె కడుతున్నారు. చేరడానికి రుసుము లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు.

ఒక పొరపాటు మనదే. మంచి పనే కదా అని గేటుకి పెద్ద ఫ్లెక్సీ కట్టించాం. రెండు వారాలు ఒక్కరూ రాలేదు. ఆ ఫ్లెక్సీ కింద నుంచి నలుగురూ చూస్తుండగా ఎవరు వస్తారు? అది పీకించి, కొబ్బరి తోట వైపు తలుపు తీసి ఉంచాక మళ్లీ వచ్చారు.

సంక్రాంతి సంగతి చెప్పాలి. మానాలనుకునేవాడికి మన సీమలో ఆ మూడు రోజుల కంటే గండం లేదు. కోడిపందేల బరుల దగ్గర మందు, అల్లుళ్ల మర్యాదలో మందు, కనుమనాడు ముక్కతో మందు. అందుకని జనవరి 13, 14, 15 తేదీల్లో ఉదయం నుంచి రాత్రి పది దాకా గది తెరిచే ఉంచాం. టీ, అరిసెలు, పూతరేకులు. ఎవరికి మనసు లాగితే వాళ్లు వచ్చి కూర్చోవచ్చు. కనుమ సాయంత్రం జగ్గన్నతోట తీర్థంలో ప్రభ మోసి ఒకాయన నేరుగా వచ్చారు. మోకాళ్ల దాకా కౌశిక కాలువ బురద, చేతిలో చెప్పులు, భుజం మీద తువ్వాలు. చెయ్యి వణుకుతుంటే గ్లాసు రెండు చేతులా పట్టుకుని మూడు టీలు తాగారు. "తోటివాళ్లు సీసా తీశారండి, లేచి వచ్చేశాను" అన్నారు, అంతే. ఈ సంఘంలో ఇన్నేళ్లుగా పని చేస్తున్నాను. ఇంతకంటే గర్వపడిన రోజు నాకు లేదు.

షాపు మూయించకుండా ఈ మీటింగులెందుకని కొందరు అడిగారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద చేసిన పోరాటానికి చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో సడలింది. షాపు మూసినా తెరిచినా, లోపల లాగే మనిషికి పక్కన ఇంకో మనిషి కావాలి.

ఇంటివాళ్లకి ఒక మాట. రోజూ గట్టిగా తాగేవాళ్లని గదిలో పెట్టి ఒక్కసారిగా మాన్పించకండి. ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజుల్లో మతి తప్పవచ్చు. ముందు డాక్టరు, తర్వాత మీటింగ్.

కిందటి సభలో వాలంటీర్లుగా చేతులెత్తినవాళ్లలో పండగ మూడు రోజులూ నిలబడింది ఇద్దరే. టీ కెటిల్ మోసింది కోశాధికారిగారి కోడలు. పేర్లు ఇచ్చినవాళ్లు ఒక్క పూటైనా రావాలి కదా! భోగినాడు వస్తానన్న అధికారి కోసం వేసిన కుర్చీ మధ్యాహ్నం దాకా ఖాళీగానే ఉంది.

జమాఖర్చులు ఆడిట్ అయి జతపరచిన కాగితంలో ఉన్నాయి. దయచేసి ఆమోదించండి.

గదికి సున్నం వేయించిన దాతకి, పాలు పంపిన ఇళ్లకి, పిలిచినప్పుడల్లా వచ్చిన డాక్టరుగారికి, మీటింగ్ కోసం ప్రతి వారం గోదావరి దాటి వచ్చే ఇద్దరికి కృతజ్ఞతలు. తాగేవాళ్ల కుటుంబాల కోసం అల్-అనాన్ అనే మీటింగ్ కూడా ఆదివారం పెట్టుకుంటామని అడుగుతున్నారు. గది ఇవ్వడానికి సభ అనుమతి కోరుతున్నాను.

ఇవాళ బుధవారం. సభని అయిదు గంటలకల్లా ముగించి, కుర్చీలు వెనక గదికి చేర్చి, తోట వైపు తలుపు దగ్గర ఎవరూ నిలబడకుండా వెళ్లవలసిందిగా మనవి.

ఇట్లు,
కార్యదర్శి