మోకాలు 90కి వచ్చిందిరా

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్లో "బానే ఉన్నా" అన్నాను కదా, అబద్ధం. పక్కన అమ్మ ఉంది. అసలు సంగతి ఇదీ.

వానలో బండి జారి మోకాలి చిప్ప పగిలిందని, లోపల తీగలు వేసి కట్టారని నీకు తెలుసు. ఆపరేషన్‌దేముంది, మత్తులో అయిపోయింది. అసలు సినిమా ఫిజియోథెరపీలో చూపించారు. వారాల తరబడి చాపి ఉంచిన కాలు కర్రలా బిగుసుకుపోయింది. కొలిస్తే 40 డిగ్రీలే వంగింది. సరిగ్గా కుర్చీలో కూర్చోవాలన్నా 90 కావాలట!

మొదట్లో నేను పెద్ద వీరుణ్ణి. నొప్పి మాత్రలు అలవాటైపోతాయని మానేసి వెళ్లేవాణ్ణి. మేడమ్ మడమ పట్టుకుని వంచబోతే తొడ కండరం రాయిలా బిగించేసేవాణ్ణి. ఇద్దరికీ చెమటలే తప్ప ఒక్క డిగ్రీ పెరగలేదు. నాలుగోరోజు చీవాట్లు పెట్టింది: "డాక్టరు రాసింది వేసుకోవడానికే. టిఫిన్ తిని, గంట ముందు మాత్ర వేసుకుని రండి." అలా చేస్తే రెండు వారాల్లో 65.

పదికి ఎంత నొప్పి అని రోజూ అడుగుతుంది. నాలుగైతే కానిస్తుంది. మర్నాడు పొద్దున కూడా మోకాలు ఉబ్బే ఉంటే ముందురోజు ఎక్కువ చేసినట్టేనట. ఇంటికొచ్చాక తువ్వాల్లో ఐస్ చుట్టి 15 నిమిషాలు పెడతా.

ఇంతలో జలుబు చేసింది. షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుని మూడు పూటలా మింగేశా. రాత్రి మా ఆవిడ అట్టలన్నీ ముందేసుకుని లెక్క కట్టింది. పారాసిటమాల్ 650వి నాలుగు. వాపు మాత్రలో అదే ఇంకో 325, రెండు పూటలా. జలుబు మాత్రలోనూ 500, మూడుసార్లు. మొత్తం 4,750 మిల్లీగ్రాములు! పెద్దవాళ్లకైనా రోజుకి 4,000 దాటకూడదు, దాటితే లివర్‌కి దెబ్బ. పేర్లు వేరు, లోపల మందు ఒకటేరా! వెంటనే డాక్టరుకి ఫోన్ చేస్తే జలుబువి ఆపించి రక్తపరీక్ష చేయించాడు. ఏమీ లేదన్నాక గానీ నిద్రపట్టలేదు. ఇప్పుడు ఫ్రిజ్ మీద కాగితం అంటించింది. మాత్ర వేసుకున్నప్పుడల్లా టైము రాసి సంతకం పెట్టాలట, ఆఫీసు రిజిస్టర్‌లాగా.

రాత్రిపూట వేసే ఘాటు మాత్ర మాత్రం డాక్టరే ఆపేశాడు. దానివల్ల పొద్దున్నే నేను పడ్డ పాట్లు ఉత్తరంలో రాసేవి కావు, వచ్చినప్పుడు చెప్తా.

నిన్న 90 వచ్చింది. సంక్రాంతికి రా. చాప మీద పేకాట ఇంకా కుదరదు, డైనింగ్ టేబుల్ ఖాళీ చేయిస్తా.

నీ,
కుంటి బావ