మర్ఫా మోత పరాయిదా?

సంపాదకుల వారికి,

వలసవచ్చినవారి వల్ల మన సంస్కృతి పలచబడిపోతోందన్న వాదన ఈమధ్య తరచుగా వినబడుతోంది. నలభై ఏళ్లుగా హైదరాబాదులో ఉంటున్న నాకు ఆ 'మన' ఎక్కడ మొదలవుతుందో ఇప్పటికీ బోధపడలేదు.

నిజాం సైన్యంలో కొలువుకోసం యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బ్యారక్సులే నేటి బార్కస్ పేట. ఆఫ్రికా మూలాలున్న సిద్దీల అశ్విక దళమే ఏసీ (ఆఫ్రికన్ కావల్రీ) గార్డ్స్ పేటకు పేరిచ్చింది. ఈ రెండు సమూహాలూ వాయించిన మర్ఫా అనే దరువుల సంగీతం ఇప్పుడు హిందువుల పెళ్లి ఊరేగింపులలోనూ మోగుతోంది. మొన్న మాఘమాసంలో మా తమ్ముడి కూతురి పెళ్లిలో ఒక కుర్రవాడు స్టీలు బిందెను చంకన పెట్టుకుని కర్రతో దరువు వేస్తుంటే, అప్పటిదాకా కుర్చీ కదలని మా బాబాయి లేచి పంచె ఎగగట్టి చిందేశారు. ఆ దరువు ఏ దేశానిదని ఆయన అడగలేదు.

హలీం సంగతీ అంతే. అరబ్బుల వంటకం ఇక్కడి నెయ్యి, మసాలాలతో రుచి మార్చుకుని, 2010లో హైదరాబాదు పేరుతోనే భౌగోళిక గుర్తింపు పొందింది. (మా అమ్మ మాత్రం దాన్ని గోధుమ జావ అనే అనేది.)

అయితే ఈ కలయికలో వచ్చినవారు పోగొట్టుకున్నదీ ఉంది. బార్కస్‌లో పెద్దల నోట వినిపించే అరబ్బీ స్థానాన్ని పిల్లల నోట ఉర్దూ ఆక్రమించింది. కనీసం మర్ఫా కళాకారులకైనా ప్రభుత్వ ఉత్సవాలలో డప్పు, ఒగ్గు కళాకారుల సరసన వేదిక కల్పించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, హైదరాబాదు