వేసవి బొమ్మల శిబిరం: జమా ఖర్చుల వివరణ

పిల్లల తల్లిదండ్రులకు, దాతలకు, శిబిరానికి తలో చేయి వేసిన అందరికీ కమిటీ నమస్కారాలు.

శిబిరం ముగిసింది, లెక్కలు తేలాయి. పద్దు పుస్తకం, బిల్లులు, రశీదులు కోశాధికారి దగ్గర ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఇక్కడ మాత్రం జమ అయిన ప్రతి వందా ఎక్కణ్నుంచి వచ్చిందో, ఎటు పోయిందో చెబుతున్నాం. శిబిరాన్ని తమ ఇంట్లోనే నడిపే కుటుంబం పద్ధతులు వేరు కాబట్టి వాళ్ల ఖర్చు కొన్నిచోట్ల దుబారాలా, కొన్నిచోట్ల పిసినారితనంలా కనిపిస్తుంది. రెండూ కాదని కమిటీ గట్టిగా నమ్ముతోంది.

జమలో వందకు 58 ఫీజులు, 29 విరాళాలు, 4 నిరుటి నిల్వ. మిగతా 9 ఆ కుటుంబమే తెచ్చింది. ఆ ఇంటి కోడలుగారు తాము వేసిన చిత్రాలు అమ్మి, డబ్బు నేరుగా శిబిరం ఖాతాలో వేశారు. వద్దన్నా వినలేదు. ఫీజు కట్టలేని పిల్లలకు విరాళాల నుంచి సర్దాం. వాళ్లెవరో దయచేసి అడగవద్దు.

ఖర్చులన్నీ కూడా జమలో వందకు ఎంతో చెబుతున్నాం. వాటిలో పెద్ద పద్దు సామగ్రి, 31. అందులో బంకమట్టికి అయింది 3 మాత్రమే. ఇంతమంది పిల్లలకు అది ఎలా సరిపోయిందని చాలామంది అడిగారు. అది నాయనమ్మగారి చలవ. మొదటి వారం చేసిన గిన్నెలన్నీ ఎండాక తిరిగి నీళ్లలో వేయాలన్నది ఆవిడ నియమం. కాల్చని మట్టి ఎన్నిసార్లైనా నీళ్లలో నానిపోతుంది, సరిగ్గా కాలిన మట్టి నానదు. పైగా తడి ముద్ద కంటే పూర్తిగా ఎండిన గిన్నే త్వరగా విచ్చుకుంటుంది. ఒక పాప తన గిన్నెను గుండెలకు హత్తుకుని ఇవ్వనంటే ఇవ్వనంది. నాయనమ్మగారు బలవంతపెట్టలేదు, తాను చేసిన గిన్నెను ముందు బకెట్లో వేశారు. బుడగలు పైకి తేలుతూ, అంచు రేకులు రేకులుగా రాలుతుంటే పాప వంగి చూసింది. కాసేపటికి తనది కూడా వేసింది. అదే మట్టితో తర్వాత చేసిన గిన్నె అంచు సమంగా వచ్చింది.

కాగితానికి మాత్రం 13 అయింది. చవక కాగితం చాలదా అన్న ప్రశ్న న్యాయమైనదే. నీటి రంగులకు చదరపు మీటరుకు 300 గ్రాముల కాగితం కొన్నాం. పలచటిది తడికి ఉబ్బి ముడతలు పడుతుంది, రంగు గుంటల్లో నిలుస్తుంది. తప్పు కాగితానిదైనా తన చేతిదేనని పిల్లవాడు అనుకుంటాడు. ఆ ఒక్క కారణంతో ఈ పద్దును తగ్గించలేదు.

రంగులు, కుంచెలకు 8. సయనోటైపు ముద్రలకు, చేతి అచ్చులకు 7. సయనోటైపు 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి. ఇనుప లవణాలు పూసిన కాగితం మీద ఆకు పెట్టి ఎండలో ఉంచి, నీళ్లతో కడిగితే ఆకు తెల్లగా, చుట్టూ ముదురు నీలంగా ముద్ర పడుతుంది. లవణాలు కలపడం, పూయడం పెద్దవాళ్లే చేశారు. ఇక చేతి అచ్చు కోసం నేరుగా ప్లాస్టర్‌లో చెయ్యి పెట్టనివ్వలేదు. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు చర్మం కాలేంత వేడెక్కుతుంది. అందుకే పళ్ల డాక్టర్లు అచ్చు తీయడానికి వాడే ఆల్జినేట్ అనే పొడి కొన్నాం. ఖరీదెక్కువే, కానీ పిల్లల చేతుల విషయంలో బేరం లేదు.

భోజనాలు, తాగునీరు 29. రవాణా, ప్రథమ చికిత్స 9. కరెంటు 4. సహాయకుల జీతాలు 16. ఇంటి పెద్దాయన మధ్యాహ్నం దాకా నోరు విప్పరు, ఏం చెప్పినా పలక మీద రాసో, బొమ్మ గీసో చెబుతారు. చదవడం రాని చిన్నవాళ్ల పక్కన మనిషి ఉండాలని కమిటీయే పట్టుబట్టి సహాయకులను పెట్టింది. బడిలో గొంతెత్తని పిల్లలు ఆ పలక దగ్గరే ఎక్కువసేపు కూర్చున్నారన్నది మేమంతా చూశాం.

గోడలకు 5. హాలు గోడ మొత్తం పిల్లలకు వదిలేస్తారు, శిబిరం అయ్యాక సున్నం వేస్తారు. ఇల్లు వాళ్లదే అయినా ఆ ఖర్చు వాళ్ల మీద వేయడం ధర్మం కాదు. పనికి ప్రతిఫలంగా కుటుంబం ఏమీ తీసుకోలేదు.

ఒక దాత షీల్డులు, బహుమతుల కోసమని విడిగా డబ్బిచ్చారు. పోటీలు పెట్టబోమని కుటుంబం మొదటి నుంచీ చెబుతోంది. ఫలానా పని కోసమని ఇచ్చిన సొమ్ము అడగకుండా మళ్లించే హక్కు కమిటీకి లేదు. దాతతో మాట్లాడి, రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే దాన్ని కాగితం పద్దులో కలిపాం. ఆ ఉత్తరం ఫైల్లో ఉంది.

వందలో 94 ఖర్చు పోగా నిల్వ 6. అది ఇద్దరి సంతకాలు లేనిదే తీయలేని బ్యాంకు ఖాతాలో ఉంది. వచ్చే వేసవికి ముందుగా కాగితం కొనాలని కుటుంబం కోరింది, కమిటీ ఇంకా తీర్మానించలేదు. దీని మీద గానీ, పై లెక్కల మీద గానీ మీ మాట ఏదైనా ఉంటే ఈ నెలాఖరులోగా రాసి ఇవ్వండి. వచ్చే సమావేశంలో చదివి జవాబిస్తాం.