మెట్టు ఆరంగుళాలు, ర్యాంపు ఆరడుగులు

సంపాదకులకు,

శ్రావణం ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి. శుభలేఖ అందగానే వీల్‌చైర్‌లో తిరిగేవాళ్లు, కీళ్లవాతంతో కర్ర పట్టుకు నడిచేవాళ్లు ముందు అడిగేది ముహూర్తం కాదు. ‘హాలుకి మెట్లెన్ని? బాత్రూమ్ ఎలా ఉంటుంది?’ అని. సరైన జవాబు దొరక్కపోతే పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేసి వెళ్తారు, లేదా చదివింపుల కవరు ఎవరిచేతో పంపి ఊరుకుంటారు. జబ్బు తగ్గేది కాదని తెలిశాక కూడా మనిషికి నలుగురిలో కూర్చుని నవ్వాలనే ఉంటుంది. ‘పాపం, ఎందుకు శ్రమ’ అనేవాళ్లకి ఇది తట్టదు.

‘మా హాలుకి ర్యాంపు ఉంది’ అంటారు యజమానులు. వెళ్లి చూస్తే వంట సామాను ట్రాలీల కోసం వేసింది! ర్యాంపు లెక్క తేలికే: ఎత్తుకి 12 రెట్లు పొడవు. 6 అంగుళాల మెట్టు ఒక్కటైతే 6 అడుగులు, మూడైతే 18 అడుగులు. ఆ మూడు మెట్లకీ ఐదడుగుల చెక్క వేసి సరిపెడితే, ఎక్కేటప్పుడు కుర్చీ వెనక్కి తిరగబడుతుంది, దిగేటప్పుడు మనిషి ముందుకి జారిపోతాడు. పైన పాలిష్ గ్రానైట్ వద్దు, నాలుగు చినుకులు పడితే కర్ర నిలవదు. ఎర్ర కార్పెట్ అసలే వద్దు. మడత లేచిందంటే ముందుండే చిన్న చక్రాలు అక్కడే ఇరుక్కుంటాయి.

స్టేజి ఎత్తు 3 అడుగులుంటే 36 అడుగుల ర్యాంపు కావాలి. అంత చోటుండదు. అప్పుడు కుర్రాళ్లు ఉత్సాహంగా వచ్చి, చేతులు ఆనించుకునే కమ్మీలు పట్టుకుని కుర్చీ ఎత్తేస్తారు. చాలా కుర్చీల్లో అవి ఊడదీసే భాగాలు, కాళ్లు పెట్టుకునే పలకలూ అంతే. ఎత్తక తప్పదంటే ముందు కూర్చున్న మనిషిని అడగాలి. కుర్చీ వీపు మెట్లవైపు తిప్పి, కాస్త వెనక్కి వంచి, ఒకరు వెనక హ్యాండిళ్లు, ఇద్దరు ముందు చెరోవైపు ఇనప ఫ్రేము పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించాలి. బ్యాటరీ కుర్చీ జోలికి పోవద్దు. వీటన్నిటికన్నా వధూవరులు ఐదు నిమిషాలు కిందికి దిగివచ్చి అక్షింతలు వేయించుకోవడం నయం. ఫొటో కూడా బాగా వస్తుంది.

బాత్రూమ్ తలుపు 3 అడుగుల వెడల్పుండి బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునేదైతే కుర్చీ వెళ్లాక ఇక మూసుకోదు. లోపల కుర్చీ తిరగడానికి 5 అడుగుల చోటు, కమోడ్ పక్కన గోడకి గట్టి కడ్డీ ఉండాలి. ఇవన్నీ ఉన్నచోట కూడా అందులో చీపుళ్లు, విరిగిన కుర్చీలు పడేసి తాళం వేస్తున్నారు.

బఫే దగ్గర ప్లేటు ఒళ్లో పెట్టుకుని చక్రం తిప్పడం కుదరదు. మోకాళ్లు పట్టే బల్లలు రెండు, వడ్డించే మనిషి ఒకరు చాలు. కీళ్లవాతం ఉన్నవాళ్లకి పొద్దున్నే వేళ్లు బిగుసుకుని గంట దాటినా విడవవు, వాళ్లని తెల్లవారుజాము ముహూర్తానికి బలవంతం చేయకుండా రిసెప్షన్‌కి పిలవండి.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. హైదరాబాద్ నల్సార్ న్యాయ వర్సిటీ నివేదిక చూశాక 2024 నవంబరులో సుప్రీంకోర్టు, దివ్యాంగులకి కావలసిన ఇలాంటి సౌకర్యాల ప్రమాణాలు సలహాలుగా మిగలకూడదని, తప్పనిసరి నిబంధనలు చేయాలని కేంద్రాన్ని ఆదేశించింది. మున్సిపాలిటీలు అనుమతి ఇచ్చేముందు టేపు పెట్టి కొలవాలి. హాలు బుక్ చేసుకునేవాళ్లు ఏసీ, పార్కింగ్ చూసినప్పుడే తాళం వేసిన ఆ తలుపు కూడా తీయించి చూడండి.

– కొందరు వీల్‌చైర్ వినియోగదారులు, హైదరాబాద్