పిల్లల భాష వచ్చిన టీచర్‌ను ఇవ్వండి

గౌరవనీయులైన గిరిజన సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఏటా ఆగస్టు 29న గిడుగు వెంకట రామమూర్తి గారి పటానికి దండ వేసి తెలుగు భాషా దినోత్సవం జరుపుతున్నాం. వ్యావహారిక భాష కోసం పోరాడక ముందే ఆయన పర్లాకిమిడిలో సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బళ్లు పెట్టి పంతుళ్లకు జీతాలిచ్చారు. సభల్లో ఈ సంగతి ఎందుకో ఎవరూ ఎత్తరు.

ఏజెన్సీలో బడి అనగానే అందరం దూరం గురించే మాట్లాడతాం. అదీ నిజమే. ప్రాథమిక బడి కిలోమీటరు లోపు ఉండాలని విద్యాహక్కు నిబంధన. మ్యాపు మీద కిలోమీటరే, మధ్యలో గెడ్డ పొంగితే ఆ వారం బడి లేనట్టే.

బడి దాకా వచ్చిన పిల్ల సంగతి చూడండి. టీచరు వాచకంలో మేక బొమ్మ మీద వేలు పెట్టి ‘ఇదేంటమ్మా?’ అంటారు. రోజూ మేకల వెంట తిరిగే పిల్ల అది. దానికి మేక తెలుసు, తెలుగులో అడిగిన ప్రశ్నే అర్థం కాలేదు. నెల తిరిగేసరికి ‘వెనకబడిన విద్యార్థి’ అయిపోతుంది. రెండో తరగతికి వచ్చేసరికి బడి మానేస్తే తప్పు తల్లిదండ్రుల మీదకి తోస్తాం.

మాతృభాషలో ప్రాథమిక విద్య అందించాలని రాజ్యాంగంలో 350-ఎ అధికరణం 1956 నుంచీ ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో సవర, కువి, కోయ, గోండి వంటి 8 భాషల్లో వాచకాలు కూడా తయారయ్యాయి. అవి చెప్పాల్సిన భాషా వలంటీర్లు మాత్రం రెన్యువల్ కోసం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటారు.

2000లో వచ్చిన జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసిందని మీ అధికారులు చెబుతారు. కోర్టు కొట్టేసింది షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టుల్లో స్థానిక గిరిజనులకిచ్చిన నూరు శాతం రిజర్వేషన్‌ను. పిల్లల భాష వచ్చి ఉండాలని అర్హత పెట్టొద్దని అనలేదు కదా! ఒకటి, రెండు తరగతులు చెప్పే పోస్టులకైనా ఆ అర్హత పెట్టండి. భాష ఎవరికి వస్తే వాళ్లనే రానివ్వండి. వలంటీర్లుగా ఏళ్లు గడిపినవాళ్ల అనుభవానికి మార్కులివ్వండి. పిల్లలు తక్కువన్న సాకుతో ఆ రెండు తరగతులను గూడెం దాటించకండి.

తర్వాతి డీఎస్సీ నోటిఫికేషన్‌లోనే దీన్ని చేర్చగలరా? కుదరదంటే ఏ నిబంధన అడ్డొస్తోందో రాతపూర్వకంగా చెప్పించండి.

ఇట్లు,
ఏజెన్సీ బళ్లలో పనిచేసిన ఒక ఉపాధ్యాయుడు