బస్సు లెక్కలో ఎదురుచూపు కూడా ఉండాలి

సంపాదకులకు,

అయ్యా,

పండుగ రద్దీ ముగిసిన ప్రతిసారీ మన జిల్లా పేజీల్లో ఆర్టీసీ వార్త ఒకటి తప్పకుండా వస్తుంది. రీజియన్‌కు ఎంత ఆదాయం వచ్చింది, ఏ డిపో ముందుంది, ఓఆర్, అంటే సీట్లు నిండిన శాతం, ఎంతకు చేరింది, ప్రత్యేక బస్సులు ఎన్ని తిప్పారు అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. పిల్లలకు ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి విరమించిన వాణ్ని కాబట్టి, అంకె కనబడితే ఆగి చదవడం నాకు అలవాటు. ఎంత వెతికినా ఆ వార్తల్లో నాకు దొరకని అంకె ఒకటుంది. బస్టాండులో నిలబడిన మనిషి సగటున ఎంతసేపు నిలబడ్డాడన్నదే ఆ అంకె.

మా అమ్మాయి కుటుంబం లండన్‌లో ఉంటుంది. అక్కడ కొంతకాలం ఉన్నప్పుడు, ఆ నగర రవాణాను 2000 నుంచి చూస్తున్న ‘ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్’ అనే సంస్థ తన బస్సుల గురించి వెలువరించే నివేదికలు నా కంటబడ్డాయి. మొదట కాలక్షేపానికే తిరగేశాను. నల్లగొండకు తిరిగి వచ్చాక కూడా, కొత్త నివేదిక వచ్చిందేమోనని చూసుకోవడం మానలేకపోయాను. ఆరు వందలకు పైగా ఉన్న రూట్లలో ఏ రూటు ఎలా నడిచిందో, ఒక్కొక్క రూటుకు విడివిడిగా, ఎవరూ అడగకుండానే అందులో ప్రకటిస్తారు. వాళ్లు ఏడాదిని పన్నెండు నెలలుగా కాక, నాలుగేసి వారాల చొప్పున పదమూడు భాగాలుగా లెక్కిస్తారు. ఒక నెలలో నాలుగు ఆదివారాలు, మరో నెలలో ఐదు ఆదివారాలు వచ్చి పోలిక చెడిపోకుండా ఈ ఏర్పాటు. లెక్కల మాస్టారుకు ఇది ఎంత ముచ్చటగా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

నన్ను పట్టి నిలిపింది మాత్రం వాళ్లు కొలిచే వస్తువు. గంటకు ఐదు, అంతకు మించి బస్సులు నడిచే రూట్లలో ప్రయాణికుడు టైం చూసుకుని రాడు, వచ్చి నిలబడతాడు, ఏ బస్సు వస్తే అది ఎక్కుతాడు. అందుకని అటువంటి రూట్లలో ఫలానా బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమైందని వాళ్లు అడగరు. టైంటేబుల్ ప్రకారం బస్సులు నడిచి ఉంటే ప్రయాణికుడు సగటున ఎంతసేపు నిలబడేవాడు, నిజంగా ఎంతసేపు నిలబడ్డాడు అని రెండూ లెక్కగట్టి, మొదటిదాన్ని రెండోదానిలోంచి తీసేస్తారు. మిగిలినది అదనపు నిరీక్షణ. ఒక ఉదాహరణ చెబుతాను. పన్నెండు నిమిషాలకు ఒక బస్సు ఉన్న రూటులో మనిషి సగటున ఆరు నిమిషాలు నిలబడాలి. అవే బస్సులు ఒకసారి నాలుగు నిమిషాల ఎడంతో, మరోసారి ఇరవై నిమిషాల ఎడంతో వచ్చాయనుకుందాం. గంటకు బస్సులు ఐదే, తిరిగిన కిలోమీటర్లూ అన్నే, తాగిన డీజిలూ అంతే. డిపో రికార్డులో ఏ లోపమూ కనబడదు. కానీ ప్రతి ఇరవై నాలుగు నిమిషాల్లో ఇరవై నిమిషాలు పెద్ద ఎడంలోనే గడుస్తాయి కనుక, స్టాపుకు వచ్చే ప్రతి ఆరుగురిలో ఐదుగురు ఆ పెద్ద ఎడంలోనే చిక్కుకుంటారు. వాళ్ల సగటు నిరీక్షణ పది నిమిషాలు. అదృష్టం బాగుండి చిన్న ఎడంలో వచ్చిన ఆరో మనిషిది రెండు నిమిషాలు. అందరినీ కలిపి చూస్తే సగటు ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు అవుతుంది, అంటే ఆరు నిమిషాల మీద ఇంచుమించు సగం ఎక్కువ. ‘గంటసేపు ఒక్కటీ రాదు, వస్తే రెండూ ఒక్కసారే వస్తాయి’ అని మన స్టాండుల్లో అందరూ అనుకునే మాటను అంకెగా మార్చే పద్ధతి ఇది.

బస్సులు తక్కువగా నడిచే రూట్లకు కొలత వేరు. అక్కడ టైంటేబుల్‌ను పట్టుకుని చూస్తారు, ఐదు నిమిషాలకు మించి ఆలస్యమైతే సమయానికి నడిచినట్టు కాదు. ముందుగా వెళ్లిపోయిన బస్సునూ తప్పు కిందే జమకడతారు. ఇది న్యాయమని నా అభిప్రాయం. ఆలస్యంగా వచ్చిన బస్సు ఎప్పటికో ఎక్కించుకుంటుంది, ముందుగా వెళ్లిపోయిన బస్సు మాత్రం టైముకు వచ్చిన మనిషిని తర్వాతి బస్సు దాకా నిలబెడుతుంది. నివేదికలో మరో భాగం కూడా ఉంది. నడపవలసిన దూరంలో ఎంత శాతం నడపలేకపోయారో చెప్పి, అందులో ట్రాఫిక్ వల్ల పోయింది ఎంత, సిబ్బంది కొరత, బండి చెడిపోవడం వంటి నిర్వాహకుడి కారణాల వల్ల పోయింది ఎంత అని విడదీసి చూపుతారు. అక్కడి బస్సులను ప్రైవేటు సంస్థలు రూటువారీ కాంట్రాక్టుల మీద నడుపుతాయి కాబట్టి, నిరీక్షణ తగ్గితే వాటికి అదనపు చెల్లింపు, పెరిగితే కోత ఉంటాయి. 2000 ప్రాంతంలో రెండు నిమిషాలకు పైగా ఉన్న సగటు అదనపు నిరీక్షణ ఆ తర్వాతి పన్నెండేళ్లలో ఒక నిమిషం దరిదాపుకు దిగింది. ఇదంతా నివేదికల మహిమేనని నేననను. 2003లో నగరం నడిబొడ్డుకు వచ్చే కార్ల మీద రుసుము పెట్టారు, బస్సులకు ప్రత్యేక వరుసలు వేశారు, 2009 నాటికి బస్సులన్నింటికీ ఉపగ్రహ సాయంతో జాడ చెప్పే యంత్రాలు అమర్చారు. అయితే వీటిలో ఏది ఎంత ఉపకరించిందో తేల్చుకోవడానికి చేతిలో ఒక అంకె ఉండడం వాళ్లకు కలిసివచ్చింది.

ఆ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. బస్సుల మధ్య ఎడం సరిచేయడానికి, ముందు పడిన బస్సును దారిలో కాసేపు ఆపేస్తారు. లోపల కూర్చున్నవాళ్లు గొణుక్కోవడం నేనే విన్నాను. నిలబడినవాళ్ల నిమిషాలు లెక్కకెక్కుతాయి గాని, కూర్చున్నవాళ్ల నిమిషాలు ఎక్కవన్నమాట. ఇంకొకటి మనకు మరీ ముఖ్యం. బస్సు వచ్చిందా లేదా అన్నదే ఆ కొలత చూస్తుంది, అందులో కాలు పెట్టే చోటుందా లేదా అన్నది చూడదు.

ఇక మన సంగతి. ఆర్టీసీ పనితీరు గురించి మనకు తెలిసే అంకెలు ఏవి? కిలోమీటరుకు వచ్చిన రాబడి, సీట్లు నిండిన శాతం, లీటరు డీజిలుకు నడిచిన కిలోమీటర్లు, డిపోలో ఉన్న బస్సుల్లో రోడ్డెక్కినవి ఎన్ని అన్నవి. దేశంలోని రాష్ట్ర రవాణా సంస్థలపై కేంద్ర రవాణా శాఖ వెలువరించే సమీక్షలోనూ ముఖ్యంగా ఇవే ఉంటాయి, అవి కూడా సంస్థ మొత్తానికి కలిపి ఉంటాయి. వీటిని నేను తక్కువ చేయడం లేదు. లీటరుకు ఎక్కువ దూరం నడపడంలో మన సంస్థకు మొదటినుంచీ మంచి పేరుంది, దాని వెనక డ్రైవర్ల నేర్పూ గ్యారేజీ కార్మికుల కష్టమూ ఉన్నాయి. నేను చెప్పదలచిందల్లా ఇవన్నీ బస్సు వైపు నుంచి, సంస్థ వైపు నుంచి చూసిన లెక్కలని మాత్రమే. 1932లో నిజాం రైల్వే వారు తమ రోడ్డు రవాణా విభాగాన్ని 27 బస్సులతో మొదలుపెట్టినప్పుడు ఎడ్లబండి మానుకుని బస్సెక్కడమే ఒక వింత, ఎంతసేపు నిలబడ్డామని ఎవరు అడుగుతారు? ఇప్పుడు అడగవలసిన కాలం వచ్చింది.

శాతాలు పల్లెను ఎలా మింగేస్తాయో చిన్న లెక్కతో చూపుతాను. ఇది ఊహించి వేసిన లెక్క, ఏ డిపోదీ కాదు. రోజుకు 40,000 కిలోమీటర్లు నడిపే డిపోలో ఒక్క శాతం రద్దయితే మిగిలిన తొంభై తొమ్మిది శాతానికి అందరూ మెచ్చుకుంటారు. ఆ ఒక్క శాతం అంటే 400 కిలోమీటర్లు. డిపోకు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లకు వెళ్లివచ్చే పల్లె వెలుగు బస్సుల లెక్కన అవి పది రాకపోకలు. హైవే మీద ఒక బస్సు తగ్గితే వెనకాలే మరొకటి వస్తుంది. రోజుకు రెండు మూడు ట్రిప్పులు మాత్రమే ఉన్న ఊరికి ఒక ట్రిప్పు పోవడమంటే ఆ పూట పోయినట్టే. మిర్యాలగూడకూ నల్లగొండకూ బీబీనగర్–నడికుడి రైలుమార్గం ఉంది. మహబూబ్‌నగర్‌కూ గద్వాలకూ సికింద్రాబాద్–డోన్ మార్గం ఉంది. దేవరకొండకు, మునుగోడుకు, మర్రిగూడకు, అచ్చంపేటకు, కొల్లాపూర్‌కు రైలే లేదు, ఉన్న దిక్కల్లా బస్సు. మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయానికో పాలమూరు విశ్వవిద్యాలయానికో వెళ్లవలసిన పిల్లలకు రాత్రి ఊళ్లోనే ఆగి పొద్దున్నే కదిలే నైట్‌హాల్ట్ బస్సు సమయానికి నడవడమూ నడవకపోవడమూ మొదటి పీరియడు దక్కడమూ దక్కకపోవడమూ ఒకటే. ఆ ఒక్క శాతం ఏ ఊళ్ల మీద పడిందో, అదే ఊరి మీద మళ్లీ మళ్లీ పడుతోందేమో మొత్తం శాతం చెప్పలేదు. రూటువారీ పట్టిక చెబుతుంది.

2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలై, పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేని ప్రయాణం వచ్చాక ఈ అవసరం పెరిగింది. కూలికి, ఆసుపత్రికి, చదువుకు ఇల్లు కదిలే ఆడవాళ్లు పెరగడం మంచి మార్పని మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఓఆర్ పెరగడం సంస్థకు శుభవార్తే. బస్సు నిండిపోయి స్టాపులో ఆగలేకపోతే మాత్రం అక్కడ మిగిలిపోయినవాళ్లు ఓఆర్‌లో కనబడరు, ఎందుకంటే ఎక్కినవాళ్లను లెక్కించడానికే ఆ కొలత పుట్టింది. లండన్ పద్ధతిని ఉన్నదున్నట్టుగా తెచ్చుకుంటే ఆ బస్సు ‘వచ్చినట్టే’ నమోదవుతుంది. కాబట్టి మన పట్టికలో వాళ్లకు లేని గడి ఒకటి కావాలి. నిండిపోయి ఎక్కించుకోలేకపోయిన స్టాపులు ఎన్నో, ఏ వేళల్లోనో అందులో రాయాలి.

దీనికి కొత్త యంత్రాలు కొనాలేమో, ఖర్చెంతవుతుందో అని ఎవరూ భయపడనక్కర్లేదు. కండక్టరు చేతిలోని టికెట్టు మిషను ప్రతి టికెట్టు మీదా సమయం, ఎక్కిన స్టేజీ ముద్రిస్తూనే ఉంది. మహిళలకు డబ్బు తీసుకోకుండా ఇచ్చే జీరో టికెట్టుకూ అంతే. ఆ సమయాన్నీ స్టేజీనీ టైంటేబుల్ పక్కన పెట్టి చూస్తే ఏ బస్సు ఏ స్టేజీ దగ్గర ఎప్పుడున్నదో చాలావరకు తేలిపోతుంది. 2023 ఆగస్టులో వచ్చిన ‘గమ్యం’ యాప్ బస్సు ఎక్కడుందో ఫోనులో చూపడానికే పుట్టింది, ఈ నిమిషం బస్సు ఎక్కడుందో చెప్పగలిగిన ఏర్పాటుకు నిన్న ఎక్కడుందో దాచిపెట్టుకోవడం పెద్ద పని కాదు. ఇక చట్టం మాటకు వస్తే, సమాచార హక్కు చట్టం, 2005లోని నాలుగో సెక్షన్ ప్రభుత్వ సంస్థలు తమ సమాచారాన్ని ఎవరూ దరఖాస్తు పెట్టకముందే వీలైనంత వరకు తామే ప్రకటించాలని చెబుతోంది. ఒక్కొక్క ప్రయాణికుడూ పది రూపాయలు కట్టి తన ఊరి బస్సు సంగతి అడగడం కంటే, సంస్థే ఒక పట్టిక వేయడం అందరికీ సులువు.

సిబ్బందికి ఒక భయం కలగవచ్చు. ఈ అంకెలు వస్తే మొదట మెడకు చుట్టుకునేది డ్రైవరుకూ కండక్టరుకూ కదా అని. ఆ భయం అర్థం లేనిది కాదు. అందుకే కారణాన్ని విడదీసి రాయాలంటున్నాను. సంక్రాంతికి విజయవాడ హైవే మీది పంతంగి టోల్‌ప్లాజా దగ్గర వాహనాలు బారులు తీరినప్పుడు పోయిన గంట డ్రైవరు ఖాతాలోకి పోకూడదు, అది రోడ్డు ఖాతాలోకి పోవాలి. బండి చెడితే గ్యారేజీకి విడిభాగాలు అందించలేనివారి ఖాతాలోకి, మనిషి లేక ట్రిప్పు రద్దయితే నియామకాలు చేయనివారి ఖాతాలోకి పోవాలి. సరిగా రాసిన పట్టిక కార్మికుడికే ఎక్కువ రక్షణ. ఇప్పుడైతే బస్సు ఎందుకు రాలేదో తెలియక, అందరూ తిట్టేది ఎదురుగా కనబడే కండక్టరునే.

రాష్ట్రమంతటా ఒకేసారి మొదలుపెట్టమని అడగడం లేదు. నల్లగొండ–దేవరకొండ వంటి ఒక ప్రధాన రూటు, దానితో పాటు కొండమల్లేపల్లి పరిసరాల్లో రోజుకు రెండు మూడు ట్రిప్పులే ఉన్న నాలుగైదు పల్లె రూట్లు తీసుకుని నాలుగు వారాలు చూస్తే చాలు. నడవవలసిన ట్రిప్పులు, నడిచినవి, ఐదు నిమిషాలకు మించి ఆలస్యమైనవి, ముందే వెళ్లినవి, నిండిపోయి ఆగనివి, రద్దయినవాటి కారణం. ఒక్క కాగితంలో పట్టే సంగతి ఇది. ఆ కాగితాన్ని వెబ్‌సైటులో పెట్టి ఊరుకుంటే, అసలు దాని అవసరమున్నవాళ్లు చూడరు. బస్టాండులో విచారణ కిటికీ పక్కన, రూట్ల బోర్డు కింద, తెలుగులోనూ ఉర్దూలోనూ పెద్ద అక్షరాలతో అంటించాలి. మీ పత్రిక కూడా నాలుగు వారాలకోసారి జిల్లా పేజీలో ఆదాయం వార్త పక్కనే ఈ పట్టికకు జానెడు చోటిస్తే, రెండింటినీ కలిపి చదువుకునే వీలు మాకు కలుగుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
నల్లగొండ